పాదం కింద ముడి

ముప్పై ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచిన కాళ్ళు, ముందుగానే ఉద్యోగం మానుకున్న రెండేళ్ళకే స్పర్శ మానుకున్నాయి. షుగరు జబ్బు సంగతి తెలిసిందే, ముందు నోరు కట్టేస్తుంది, తర్వాత కాళ్ళ మీద పడుతుంది. పోస్టుమ్యాన్‌కి చెప్పులో గులకరాయి దూరినా సాయంత్రం చెప్పు విప్పి చూసుకుంటే గానీ తెలియదు. అయినా ఆయన దాన్నీ వేళాకోళం చేసేవాడు.

"దేవతల కాళ్ళలాగా నావీ నేలకి ఆనడం లేదోయ్," అనేవాడు భార్యతో.

భార్య లెక్కల టీచరు. ఆమెకు వేళాకోళం అంతగా ఎక్కదు. మంగళవారం మంగళవారం షుగరు ఆసుపత్రికి ఆయన్ని తీసుకెళ్ళేది, నర్సు చెప్పినవన్నీ చిన్న పుస్తకంలో రాసుకునేది. ఒకసారి నర్సు ఆయన మేజోళ్ళు విప్పించి చూసి పెదవి విరిచింది. కొట్లో కొన్న మేజోటి రబ్బరు పిక్కను పట్టేస్తోందట, వేళ్ళ దగ్గరి కుట్టు ఒరుసుకుంటోందట.

"చేత్తో అల్లిన ఊలువి వేయించండి టీచరుగారూ. మీ బడిలోనే ఉందిగా ఆయా, నా పేషెంట్లలో సగంమందికి ఆవిడే అల్లిపెడుతుంది. ఆవిడ చేతిలో మంత్రముంది," అంది నర్సు.

చేయించుకుంటే సరిపోయేది. కానీ లెక్కల టీచరుకు ఒకరు చేసింది తెచ్చుకోవడమంటే చిన్నతనం. పైగా నాలుగు నెలల్లో ఆయనకి అరవై నిండుతాయి. తనే నేర్చుకుని, తన చేత్తో అల్లి, ఆ రోజు పాదాలకు తొడగాలని మనసు పడింది. ఈ ఆలోచనలో మొగుడి మీద ప్రేమ ఎంతుందో, తన మీద తనకున్న ప్రేమ ఎంతుందో విడదీసి చెప్పడం కష్టం. రెండూ ఉన్నాయి.

బడి వెనక, చీపుర్లూ నీళ్ళ డ్రమ్మూ ఉండే ఇరుకు గదిలో ఆయా కూర్చుంటుంది. ఆఖరి గంట కొట్టాక తరగతి గదులు తాళాలు వేయడానికి ఇంకో గంట పడుతుంది, ఆ గంటలో అల్లుకుంటుంది. లెక్కల టీచరు వెళ్ళి నేర్పమని అడిగితే ఆయా ముందు నమ్మలేదు, తర్వాత బెంచీ తుడిచింది.

మేజోటికి ఐదు సూదులు. నాలుగు సూదుల మీద కుట్లు చతురస్రంగా నిలబడి ఉంటాయి, ఐదోది వాటి చుట్టూ తిరుగుతూ అల్లుతుంది. మొదటి వారమంతా సూదులు జారి కింద పడుతూనే ఉన్నాయి. పడినప్పుడల్లా ఆ గచ్చు మీద ఖంగుమని మోగేది, టీచరు ఉలిక్కిపడి తలుపు వైపు చూసేది. పిల్లలెవరైనా విన్నారేమోనని ఆమె భయం. బల్ల ముందు నిలబడి నేర్పడమే గానీ, ఒకరి ముందు కూర్చుని నేర్చుకోవడం ఆమె మరిచిపోయి చాలా కాలమైంది.

మొదటి మేజోడు ఎంత బిగుతుగా వచ్చిందంటే, బెంచీ మీద నిలబెడితే కాలు లేకుండానే నిలబడింది. ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఊలు పీక పిసక్కండి టీచరమ్మా. అది మీ దగ్గర పరీక్ష రాయడానికి రాలేదు."

మడమ దగ్గర ఇంకా పెద్ద తంటా వచ్చింది. అక్కడ సగం కుట్లను పక్కన పెట్టి, మిగతా సగం మీద అటూ ఇటూ అల్లుతూ వరుసకి ఒక్కో కుట్టు తగ్గించుకుంటూ రావాలి, అప్పుడే గొట్టం మలుపు తిరిగి పాదమవుతుంది. లెక్కల టీచరు దాన్ని సూత్రం కట్టింది. కాగితం మీద పట్టిక గీసింది. పట్టిక ప్రకారం అల్లితే మడమ వచ్చింది గానీ మనిషిది కాదు, ఏ గుర్రానిదో.

"కాగితానికి మడమ ఉండదమ్మా," అంది ఆయా, ఆ వరుసలన్నీ సుతారంగా విప్పేస్తూ. "కాలుకి ఉంటుంది. ఆయన కాలు తలుచుకుని అల్లండి."

ఒక్క విషయంలో మాత్రం ఆయా నవ్వేది కాదు. మొదటి రోజుల్లోనే చెప్పింది, మళ్ళీ మళ్ళీ చెప్పింది. "మేజోటిలో ముడి ఉండకూడదు. ఆవగింజంత కూడా. మనకైతే ముడి గుచ్చుకోగానే కాలు వెనక్కి లాక్కుంటాం. షుగరువాళ్ళకి గుచ్చుకున్నా తెలీదు. తెలీకుండా పొద్దస్తమానం దాని మీదే నడుస్తారు." ఊలు అయిపోతే పాత కొసనీ కొత్త కొసనీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, రెండు పోగులూ కలిపి ఐదారు కుట్లు అల్లాలి. అంతా అయ్యాక మేజోడు తిరగేసి చెంపకు ఆనించి మెల్లగా లాగాలి. చెంపకు తగలనిది కాలికి తగలదు. అల్లింది ఎన్నోదైనా, ఎవరికైనా, ఆయా అలా చూడకుండా ఇచ్చేది కాదు.

పుట్టినరోజు రేపనగా జతలో రెండో మేజోటి పాదం సగంలో ఊలు అయిపోయింది. ఆ రోజు ఆయా సెలవు. లెక్కల టీచరు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక్కతే కూర్చుని, కొసలు కలిపి అల్లింది. లాగి చూస్తే వదులై కన్నం పడింది. విప్పింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ కన్నం. మూడోసారి విప్పేటప్పటికి కుట్లు నాలుగు జారిపోయి, వాటిని ఏరుకోవడానికే అరగంట పట్టింది. గంట కొట్టే వేళవుతోంది. ఆమె రెండు కొసలూ పట్టుకుని గట్టిగా ముడి వేసింది, మిగిలిన పోగు కత్తిరించి ముడిని లోపలికి నొక్కేసింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియలేదు.

సాయంత్రానికి మేజోడు పూర్తయింది. తిరగేసి చెంపకు మాత్రం ఆనించలేదు. ఆనిస్తే తెలుస్తుందని తెలుసు కాబట్టే ఆనించలేదు.

మర్నాడు పోస్టుమ్యాన్ సంబరం అంతా ఇంతా కాదు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో భార్య సూది పట్టడం ఆయన చూడలేదు. "నువ్వే? నీ చేత్తోనే?" అని నాలుగుసార్లు అడిగాడు. అడిగి ఊరుకోలేదు, అవి తొడుక్కుని తన పాత వీధులన్నీ తిరిగొచ్చాడు. ఉత్తరం లేకుండా పోస్టుమ్యాన్ తలుపు తట్టడం ఆ ఇళ్ళవాళ్ళకి అదే మొదలు. ప్రతి గుమ్మంలోనూ ప్యాంటు పైకి లాగి పాదం ముందుకు చాపి, "మా ఆవిడ అల్లింది," అని చూపించాడు. వారం పాటు అదే పని. ఉతికి ఆరేస్తే, ఆరేదాకా తాడు కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

తొమ్మిదో రోజు కుడి మేజోటి అడుగున మరక కనిపించింది. విప్పి చూస్తే బొటనవేలి కింద, పాదం ముందు వైపు మెత్తని చోట, పుండు.

మంగళవారం ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా జనం. నర్సు కట్టు కట్టి, మేజోడు తిరగేసి లోపల వేలితో తడిమింది. ఒకచోట వేలు ఆగింది.

"ముడి! ఎవరండీ అల్లింది దీన్ని?" ఆ గొంతు వరండా చివరిదాకా వినపడింది. "ఇది చూసీ చూడనట్టు వదిలేది కాదు. ఇలాంటి పుళ్ళతోనే వేళ్ళు తీసేయాల్సొస్తుంది."

పోస్టుమ్యాన్ పాపం గర్వంగానే నోరు తెరిచాడు. "మా ఆవి..."

"పాదం నేను అల్లలేదు," అంది లెక్కల టీచరు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. వచ్చేసింది. "పైన గొట్టం వరకే నాది. పాదం నాకింకా రాదు. ఆయా అల్లిచ్చింది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవడానికి ఆమెకి వ్యవధి లేకపోలేదు. నర్సు నమ్మలేక, "ఆవిడా? ఆవిడ ముడి వేసిందా?" అని ఆగింది. ఆ ఆగినంతసేపూ టీచరు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. ఇక నర్సు బెంచీల వైపు తిరిగి, ఆయా అల్లిన సాక్సులున్నవాళ్ళు తీసేయండి, చూసుకోకుండా వేసుకోవద్దు, నేనే ఇంతమందికి ఆవిడ పేరు చెప్పాను, నాదీ తప్పే అని అందరూ వినేలా చెప్పింది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో పోస్టుమ్యాన్ అన్నాడు, "ఆయాని ఏమీ అనకోయ్. పెద్దది, కళ్ళు ఆనలేదేమో. నేను అప్పుడే మర్చిపోయాను."

టీచరు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సర్దుకోవడానికి అక్కడేమీ లేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె తేలు కుట్టిన దొంగలా తిరిగింది. అరవడానికి లేదు, చెప్పుకోవడానికి లేదు. కాగితంలో చుట్టి నర్సు తిరిగిచ్చిన మేజోడు హ్యాండ్‌బ్యాగు అడుగున ఉంది. మొగుడికి పుండు పడిన సంగతి ఆయాకి చెప్పలేదు. కాపీలు దిద్దాలని, తలనొప్పని వంకలు చెప్పి ఆ గదికి వెళ్ళడం మానేసింది. కానీ బడి ఒకటే, గేటు ఒకటే. ఎవరెవరో సంచులు పట్టుకుని వచ్చి ఆయాకి ఇచ్చి వెళ్ళడం మేడ మీది తరగతి కిటికీలోంచి రోజూ కనపడేది. ఆ సంచుల్లో ఏముందో ఆమెకి తెలుసు.

ఒక సాయంత్రం చాక్‌పీసు డబ్బా కోసం తప్పనిసరై ఆ గదికి వెళ్ళింది. బెంచీ మీద వెనక్కొచ్చిన మేజోళ్ళు పోగుపడి ఉన్నాయి. ఆయా ఒక్కోటీ తిరగేసి చెంపకు ఆనించి లాగుతోంది. చివరిదాకా లాగి, మళ్ళీ మొదటినుంచి లాగుతోంది. అల్లిక సంచి మేకుకి వేలాడుతోంది, సూదులు దానిలోనే ఉన్నాయి.

"ఏ కాలికో పుండు పడిందటమ్మా నా మూలంగా," అంది ఆయా తలెత్తకుండా. "ఎవరిదో చెప్పడం లేదు. నేను ముడి వేశానట. నేనెందుకు వేస్తానమ్మా? కానీ పెద్ద నర్సమ్మ అబద్ధం చెప్పదు కదా. నా వేళ్ళకే తిమ్మిరి పట్టిందేమో, నాకే తెలీడం లేదేమో. చెంపకి కూడా తెలీడం లేదేమో. మీరోసారి చూసి పెట్టండి, నాకంటే చిన్నవారు, మీ చేతికి తెలుస్తుంది."

ఒక మేజోడు ఆమె చేతిలో పెట్టింది.

లెక్కల టీచరు దాన్ని చెంపకు ఆనించింది. పసిబిడ్డ అరికాలిలా ఉంది. ఎక్కడా ఏమీ తగల్లేదు. ఇంత బాగా అల్లే మనిషి తన చేతులనే నమ్మడం మానేసింది, అదీ తను ఒక్క క్షణం పరువు కోసం అన్న మాట మూలంగా. సిగ్గు అనే మాట ఆమె పిల్లల మీద రోజూ వాడేది, "సిగ్గు లేదురా?" అని. ఆ మాట తన మీద తను వాడుకోవడం అదే మొదలు.

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి కాగితం చుట్ట విప్పి బెంచీ మీద పెట్టింది.

"ఇది," అంది. "ఆ కాలు మా ఆయనది."

ఆయా మేజోడు చేతిలోకి తీసుకుంది. తిరగెయ్యనక్కర్లేకపోయింది. బిగుతుగా ఉన్న ఆ కుట్ల మీద ఒకసారి బొటనవేలు పోనిచ్చి, "ఇది నా చెయ్యి కాదు," అంది. ఆ ముఖంలో ముందు కనిపించింది ఊరట. తన వేళ్ళు తనకి తిరిగి దొరికిన ఊరట. అది తగ్గాకే కళ్ళు పైకెత్తి టీచరును చూసింది.

"నాదని చెప్పారా?"

టీచరు తలూపింది.

"పదిహేను రోజులు చూస్తూ ఉన్నారా?"

దానికీ తలూపింది. ఆయా తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో. మేజోళ్ళన్నీ సంచిలో వేసుకుని, తాళాల గుత్తి తీసుకుని లేచింది.

"నన్ను క్షమించు ఆయా."

"నాకు చెప్పి ఏం లాభం టీచరమ్మా? ముడి వేయలేదని నాకెలాగూ తెలిసేదే, ఇవాళ కాకపోతే రేపు. తెలియాల్సినవాళ్ళకి చెప్పండి."

ఆ రాత్రి భోజనాలయ్యాక మొగుడికి చెప్పింది. పోస్టుమ్యాన్ కట్టు కట్టిన పాదం స్టూలు మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ముడి వేసినందుకు కాదోయ్," అన్నాడు చివరికి. "ఎవరైనా వేస్తారు. కానీ నేను ఆవిణ్ణి క్షమించేశాను చూడు. పెద్ద మనసున్నవాడిలాగా. ఆవిడ ఏం చేసిందని? ఆ క్షమాపణ ఇప్పుడు నేనేం చేసుకోను?"

కట్టు మార్చడానికి ఆమె వంగితే, "నేను కట్టుకుంటాలే," అని పాదం వెనక్కి తీసుకున్నాడు.

మంగళవారం ఆమె నర్సుకు చెప్పింది. పక్కకు పిలిచి మెల్లగా చెబుదామనుకుంది గానీ నర్సు పక్కకు రాలేదు. మందులు సర్దుతూనే వింది.

"ఆవిడకి నేనెలాగూ క్షమాపణ చెప్పుకుంటాను. కానీ నేను చెప్పింది ఆ రోజు బెంచీల మీదున్నవాళ్ళకి. వాళ్ళు ఇంకెంతమందికి చెప్పారో? ఒకరు వారానికొకసారి వస్తారు, ఒకరు నెలకొకసారి. నేను సూదులేయనా, మీ కబుర్లు మొయ్యనా? మీరే వచ్చి కూర్చుని చెప్పుకోండి."

అలా లెక్కల టీచరు మంగళవారాలు పూట సెలవు పెట్టి ఆసుపత్రి బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళ పక్కకు జరిగి చెప్పేది. "ఆ ముడి ఆయాది కాదండీ, నాది. కొత్తగా నేర్చుకున్నాను కదా, తెలియక వేశాను. ఆవిడవి వేసుకోండి, ఏమీ కాదు." మొదటామెకి చెప్పినప్పుడు చెవులు కాలిపోయాయి. నాలుగో మనిషికి కొంచెం తగ్గింది. విన్నవాళ్ళు కూడా మంచివాళ్ళు, "పోనీలెండి టీచరుగారూ, తెలియక చేశారు, ఒప్పుకున్నారు, ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటారు," అనేవారు. రెండో మంగళవారానికి ఆ మెచ్చుకోలు ఆమెకి హాయిగా ఉంది. మనిషి మనసు అంతే, సందు దొరికితే సిగ్గులోంచి కూడా గొప్ప పిండుకుంటుంది. ఇంటికొచ్చి, "పదకొండుమందికి చెప్పాను," అంది మొగుడితో. ఆయన ఊఁ అన్నాడు.

మూడో మంగళవారం ఒక ముసలాయన పక్కన కూర్చుని అదే మాట చెబుతోంది. ఆయన పాత కంసాలి, చేతిపని ఎరిగినవాడు. అంతా విని తల గోక్కున్నాడు.

"తెలియక వేశానంటున్నారు. ముడి వేయకూడదని ఆవిడ నేర్పలేదా మరి? అంత ముఖ్యమైనది చెప్పకుండా సూదులు చేతికిస్తే, అది నేర్పినావిడ తప్పేగా?"

లెక్కల టీచరు లోలోపల లెక్క చూసుకుంది. పదకొండుమందికి చెప్పింది. పదకొండుసార్లు ముడిని ఆయా చేతిలోంచి తీసి, నేర్పిన నోట్లో పెట్టింది. అప్పుడు తలెత్తితే వరండా మెట్ల దగ్గర ఆయా నిలబడి ఉంది. నర్సు కబురు పెడితే కొత్త మేజోళ్ళు తెచ్చినట్టుంది, చంకలో సంచి ఉంది. తనూ జవాబు కోసమే ఎదురుచూస్తున్నట్టు, లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"నేర్పింది," అంది లెక్కల టీచరు. అనుకోకుండానే క్లాసులో గొంతు వచ్చింది, బెంచీలన్నీ ఇటు తిరిగాయి. "మొదటి వారమే చెప్పింది. రోజూ చెప్పింది. నాకు తెలుసు. ముడి వేస్తే పుండు పడుతుందని తెలిసే వేశాను. తొందరగా అయిపోవాలని వేశాను. తెలిసే ఆవిడ మీద పెట్టాను."

"తెలిసేనా?" అన్నాడు ముసలాయన.

"తెలిసే."

ఆయన చాపుకున్న పాదాలు రెండూ మెల్లగా బెంచీ కిందికి లాక్కున్నాడు. పోనీలెండి అని ఈసారి ఎవరూ అనలేదు. ఆయా మెట్లెక్కి, ఆమె ముందునుంచే నడిచి, సంచి తీసుకుని నర్సు గదిలోకి వెళ్ళింది.

ఇంటికొచ్చి ఆమె భర్త ముందు కాగితం, పెన్ను పెట్టింది. పదకొండుమంది పేర్లు చెప్పింది, ఇళ్ళు అడిగింది. ఎందుకని ఆయన అడగలేదు. ఒక్కో పేరుకీ వీధి, సందు, గుమ్మం రంగు రాసిచ్చాడు. రాసేటప్పుడు ఒక్కసారి తలెత్తి, "గొడుగు తీసుకెళ్ళు, మబ్బు పట్టింది," అన్నాడు. ఆ మూడు వారాల్లో ఆయన తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

మొదటి ఇల్లు రంపపు మిల్లు వెనక సందులో ఉంది. ఆకుపచ్చ తలుపు. తీసినామె టీచరును గుర్తుపట్టి నవ్వింది, తడి చెయ్యి కొంగుకి అద్దుకుని కుర్చీ లాగింది.

"రండి రండి! మీరు చెప్పారని మా అత్తయ్యకి ఆయా సాక్సులే వేస్తున్నాం. ఎంత మంచి మనసండీ మీది, అని ఇంట్లో అందరం అనుకున్నాం."

లెక్కల టీచరు కుర్చీలో కూర్చోలేదు.

"ఆ రోజు మీకు సగమే చెప్పానండీ," అంది.